చలికి మొరాయించే కార్బ్యురేటర్ బండి: ఎక్కడ సరిచేయాలి?

డిసెంబరులో ఆదిలాబాద్ వైపు తెల్లవారుజామున పాత కార్బ్యురేటర్ (గాలినీ పెట్రోలునీ కలిపి ఇంజన్‌కి పంపే భాగం) బండి తీసేవాళ్లకు ఈ అవస్థ తెలుసు. పది కిక్కులు కొడితే గానీ స్టార్ట్ కాదు, అయినా ఐడిలింగ్ (యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఇంజన్ నడవడం) నిలవదు, యాక్సిలరేటర్ ఇవ్వగానే మూలిగి ఆగిపోతుంది. చాలామంది వెంటనే మెయిన్ జెట్ (ఫుల్ యాక్సిలరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రం ఉన్న ముక్క) మార్పిస్తారు. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి.

చల్లగాలి చిక్కగా ఉంటుంది. మే నెలలో 40 డిగ్రీల గాలి కంటే డిసెంబరులో 8 డిగ్రీల గాలి సుమారు 11 శాతం చిక్కన. జెట్ రంధ్రం మాత్రం అదే. దాంతో గాలి ఎక్కువై పెట్రోలు చాలదు; దీన్నే లీన్ అంటారు. పైగా చలికి పెట్రోలు సరిగా ఆవిరి కాదు.

సమస్య: అసలు స్టార్ట్ కావడం లేదు
చోక్ (చల్లటి ఇంజన్‌కి పెట్రోలు పాలు పెంచే మీట) పూర్తిగా వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా కిక్ కొట్టండి. ఇంజన్ అందుకున్నాక ఒకటి రెండు నిమిషాల్లో చోక్ తీసేయాలి. అలాగే వదిలేస్తే సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని పెట్రోలు కడిగేస్తుంది. చోక్‌తోనూ ఫలితం లేకపోతే ముందు ప్లగ్ చూడండి.

సమస్య: వేడెక్కాక కూడా ఐడిలింగ్ నిలవదు, యాక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్ టపటపమంటుంది
చలికాలం ఫిర్యాదుల్లో నేను ఎక్కువగా చూసేది ఇదే. ముందు కార్బ్యురేటర్‌కీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు చూడండి. అది పగిలి గాలి లాగుతుంటే ఏ స్క్రూ తిప్పినా లాభం లేదు. రబ్బరు బాగుంటే మిక్స్చర్ స్క్రూకి (ఐడిలింగ్‌లో గాలి, పెట్రోలు పాళ్లు మార్చేది) రండి. ఇక్కడే చాలామంది పొరబడతారు. స్క్రూ ఇంజన్ వైపు ఉంటే అది పెట్రోలుది, బయటికి తిప్పితే పెట్రోలు పెరుగుతుంది. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది గాలిది, లోపలికి తిప్పితేనే పెట్రోలు పాలు పెరుగుతుంది. ముందుగా మెల్లగా లోపలికి మూసి, ఎన్ని చుట్లు పట్టిందో రాసుకుని, మళ్లీ అక్కడికే తేండి. ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు పావు చుట్టు చొప్పున మారుస్తూ ఐడిలింగ్ వినండి. పెట్రోలు స్క్రూని మూడు చుట్లు దాటించాల్సి వస్తోందంటే పైలట్ జెట్ (ఐడిలింగ్‌కి పెట్రోలు ఇచ్చే చిన్న జెట్) ఒక సైజు పెంచాలి.

సమస్య: సగం యాక్సిలరేటర్ దగ్గర జర్కులు
ఇది నీడిల్ (కార్బ్యురేటర్‌లో పెట్రోలు కొలిచే సూది) పని. దాని పైభాగంలోని క్లిప్‌ను ఒక గాడి కిందికి దించితే నీడిల్ పైకి లేచి పెట్రోలు పెరుగుతుంది. గాడులు లేని నీడిల్ అయితే దాని తల కింద పలుచని వాషర్ వేయిస్తారు.

సమస్య: ఫుల్ యాక్సిలరేటర్‌లో బలం లేదు, ప్లగ్ తెల్లగా ఉంది
ఇప్పుడు మాత్రమే మెయిన్ జెట్, అదీ ఒక్కో సైజు చొప్పున. ఫుల్ స్పీడులో లీన్‌గా నడిపితే పిస్టన్ కాలిపోవచ్చు, దీన్ని వాయిదా వేయకండి. ప్లగ్ లేత గోధుమరంగుకి వస్తే సరిపోయినట్టే.

లంబసింగి వెళ్లేవాళ్లకు ఒక మాట. ఆ ఊరు సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకి గాలి పలచబడుతుంది, చలికి చిక్కబడుతుంది; రెండూ దాదాపు చెల్లుకు చెల్లు. చోక్ సరిగా పనిచేస్తే చాలు, అక్కడికోసం జెట్ మార్చక్కర్లేదు.

శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, ఆ వారంలోనే రాసుకున్న చుట్ల లెక్కకి స్క్రూని తిరిగి తేండి. జెట్ పెంచి ఉంటే పాతది వేయించండి. లేదంటే ఎండలకి ప్లగ్ నల్లబడి, మైలేజ్ పడిపోతుంది.