బెంగళూరు నుంచి లద్దాఖ్: లెక్క ఎలా వేసుకోవాలి

మారతహళ్లి పీజీల్లో సెలవుల ప్లాన్ అంటే వారంలో ఆగ్రా, జైపూర్, లద్దాఖ్ అన్నీ చుట్టేయడమే. కుదరదు. ఒక ట్రిప్పుకి ఒక ప్రాంతం చాలు.

ముందు నెల చూసి, తర్వాత ఊరు ఎంచుకోండి. రాజస్థాన్‌కు నవంబరు నుంచి ఫిబ్రవరి, లద్దాఖ్‌కు జూన్ నుంచి సెప్టెంబరు. జులైలో మేఘాలయ అంటే గొడుగు కింద సెలవులే.

లద్దాఖ్‌కైతే కనీసం ఎనిమిది రోజులు ఉంచుకోండి. బెంగళూరు ఎత్తు సుమారు 900 మీటర్లు, విమానం దిగే లద్దాఖ్ పట్టణం లేహ్ 3,500. విమానంలో ఒక్కసారిగా అంత పైకి వెళ్తే ఆక్సిజన్ చాలక తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. వయసులో ఉన్నాం, జిమ్‌కి వెళ్తాం అంటే ఈ ఎత్తు జబ్బు వినదు. మొదటి రెండు రోజులు లేహ్‌లోనే విశ్రాంతి, మద్యం వద్దు. 5,300 మీటర్లు దాటే ఖర్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయకి ఆ తర్వాతే. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, నడుస్తుంటే తూలినా వెంటనే కిందికి దిగి ఆస్పత్రికి వెళ్లాలి. ఎత్తు జబ్బుకి వాడే డయామాక్స్ మాత్ర డాక్టరును అడక్కుండా వేసుకోవద్దు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి.

వాతావరణం బాగోకపోతే లేహ్ విమానాలు రద్దవుతాయి. తిరుగు ప్రయాణంలో ఢిల్లీలో ఒక రాత్రి ఖాళీ ఉంచండి. అదే రోజుకి బెంగళూరు టికెట్ వేరే పీఎన్ఆర్‌తో కొంటే, మొదటి విమానం ఎగరకపోతే రెండోదాని డబ్బు పోయినట్టే.

ఢిల్లీ దాకా రైలైతే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుస్తారు. మన ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, గుంపులో ఒకరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి.