కొట్లో పనివాళ్లకు పని మీద మనసు నిలవాలంటే ఏం చేయాలి?

తోటి వ్యాపారులు మా బట్టల కొట్టుకు వచ్చినప్పుడల్లా అడిగేది ఒకటే: "మీ దగ్గర మనుషులు ఎలా నిలుస్తున్నారండీ?" చెబుతాను. తలూపుతారు. వెనక్కి వెళ్లి గోడకు 'ఈ నెల ఉత్తమ ఉద్యోగి' అని ఫొటో ఫ్రేమ్ తగిలిస్తారు. మూడు నెలలకు ఆ ఫొటోలో ఉన్న మనిషే పక్క వీధి కొట్లో చేరతాడు. అందుకని ఈసారి వరసగా రాసి పెడుతున్నాను.

ముందు డబ్బు లెక్క చూసుకోండి. పన్నెండు వేల జీతం తీసుకునే అమ్మాయి మానేస్తే, ఇంకో పన్నెండు వేలకు ఇంకో అమ్మాయి వస్తుందిలే అనుకుంటారు చాలామంది. వస్తుంది. కానీ ఏ అరలో ఏ రేటు సరుకుందో, మంగళగిరికీ వెంకటగిరికీ తేడా అడిగితే ఏం చెప్పాలో, "ఐదు వేల లోపు చూపించమ్మా" అంటూ ఎనిమిది వేల చీర వైపు చూసే ఆవిడకు ఏది దించాలో తెలియడానికి ఆ పిల్లకు ఒక శ్రావణం, ఒక పెళ్లిళ్ల సీజన్ పడుతుంది. ఈలోగా పాత ఖాతాదారులు వచ్చి "ఆ అమ్మాయి లేదా?" అని అడిగి, నాలుగు చీరలు చూసి, "మళ్లీ వస్తాం" అని లేస్తారు. ఆ లేచిన బేరాలు ఏ పద్దులోనూ కనపడవు.

ఇదేదో చిన్న కొట్ల బాధ అనుకోకండి. అమెరికాలో ఫోర్డ్ కార్ల కంపెనీ 1913లో సుమారు 14 వేల మందితో ఫ్యాక్టరీ నడపడానికి ఏడాదిలో 52 వేల మందిని చేర్చుకోవలసి వచ్చింది. వచ్చినవాళ్లు వచ్చినట్టే పోయారు మరి. 1914 జనవరిలో రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి 5 డాలర్లు అన్నారు, పనిగంటలు 9 నుంచి 8కి తగ్గించారు. మనుషులు నిలిచారు. అయితే ఆ డబ్బు పూర్తిగా రావాలంటే ఇంట్లో నడవడిక బాగుండాలని షరతు పెట్టి, చూసి రమ్మని ఇళ్లకు మనుషుల్ని కూడా పంపారు. ఆ ముక్క మాత్రం మీరు నేర్చుకోకండి.

కావలసినవి: రెండు వందల పేజీల గీతల పుస్తకం, పెన్ను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు, రెండు టీలు. యాప్‌లు అక్కర్లేదు.

మొదటి మెట్టు జీతం. ఒకటో తారీఖున ఇవ్వండి. రెండో తారీఖు కూడా కుదరదు, ఒకటే. పదిమంది ఉన్నారంటే ఈఎస్‌ఐ, అంటే పనివాళ్ల ఆరోగ్య బీమా, కట్టాలి. 21 వేల లోపు జీతమైతే వాళ్ల వాటా 0.75 శాతం, మీది 3.25. వాళ్ల దగ్గర కోసుకుని అక్కడ కట్టకపోతే మిగతా మెట్లు చదవడం దండగ. ఇరవైమంది ఉంటే ఏటా బోనస్ కనీసం 8.33 శాతం. దసరాకు స్వీటు డబ్బా ఇచ్చి దాన్నే బోనస్ అనకండి.

రెండో మెట్టు, ఖాతాదారుల ముందు తిట్టకండి. ఇది అందరికీ తెలుసు, ఎవరూ పాటించరు. ముందుకు పోదాం.

మూడో మెట్టు దగ్గరే అందరూ పాడుచేసేది. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టుకుని, పనిలో ఏది ఇబ్బందిగా ఉందో అడగాలి. వినడానికి ఇంతే. చేయబోతే తెలుస్తుంది.

"పని ఎలా ఉంది?" అని అడగొద్దు. "బాగుంది సార్" అంటారు. రేపు మానేయబోయేవాడు కూడా అదే అంటాడు. "ఏమైనా ఇబ్బంది ఉందా?" అన్నా "ఏం లేదు సార్" తప్ప రాదు. నేను ఎన్నేళ్లుగానో అడుగుతున్నది ఒకటే: "నిన్న పొద్దుట్నించి రాత్రి దాకా నీకు బాగా విసుగొచ్చిన పని ఏది?" నిన్నటి గురించే అడగాలి. నిన్నటిది గుర్తుంటుంది, పైగా ఫిర్యాదు చేస్తున్నట్టు ఉండదు.

అడిగాక నోరు మూసుకోవాలి. యజమానులకు చేతకానిది ఇదే. మనసులో ఇరవై దాకా మెల్లగా లెక్కపెట్టండి. పన్నెండు దగ్గర మీకే ఇబ్బందిగా ఉంటుంది, ఏదో ఒకటి అనేయాలనిపిస్తుంది. అనకండి. అసలు మాట పదిహేను దాటాకే వస్తుంది.

గల్లా పెట్టె దగ్గర కూర్చోబెట్టకండి, అక్కడ మీరు షావుకారు. తలుపు మూసిన గదీ వద్దు. ఆడపిల్లలతో మాట్లాడేటప్పుడు మా ఆవిడ పక్కనే ఉంటుంది. సూపర్‌వైజర్‌ని మాత్రం దగ్గరికి రానివ్వను, సగం విసుగు అతని గురించే కాబట్టి. జీతాల రోజు వద్దు, అప్పుడు అడ్వాన్స్ మాటే వస్తుంది. మంగళవారం పదకొండింటికి బేరాలు పలచగా ఉంటాయి, నేను అప్పుడే పెట్టుకుంటాను. మీరూ అప్పుడే పెట్టుకోండి.

చెప్పిందానికి సంజాయిషీ ఇవ్వకండి. "అది కాదమ్మా, ఎందుకంటే..." అని మొదలుపెట్టారా, ఆ మనిషి ఆ రోజుకి ఇంక నోరు విప్పదు. ఆమె అన్న మాట అన్నట్టు పుస్తకంలో రాసుకోండి. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర ఎత్తకండి. నేను ఒకసారి "నువ్వు లేటుగా వస్తున్నావటగా" అని ఆ 'ట' తగిలించి అడిగాను. ఎవరు చెప్పారో సాయంత్రానికి కొట్టంతా తెలిసిపోయింది. తర్వాత రెండేళ్లు నాకు "బాగుంది సార్" తప్ప ఇంకో జవాబు రాలేదు.

ఈ మెట్టు సరిగ్గా ఎక్కితే ఏం దొరుకుతుందో ఒకటి చెబుతాను. ఒకప్పుడు సాయంత్రం ఏడు దాటాక చీరల సెక్షన్‌లో అమ్మకాలు పడిపోయేవి. జనం ఉండేవాళ్లు, బేరం కుదిరేది కాదు. "ఆ రంగు లేదండీ" అన్న మాట నాకే రెండుమూడుసార్లు వినపడింది. ఆ రంగు పై అరలో ఉంది. బద్ధకం అనుకున్నాను. ఓ మంగళవారం ఆ సెక్షన్ అమ్మాయిని అడిగి, నోరు మూసుకుని కూర్చున్నాను. టీ గ్లాసు అంచు తుడుస్తూ చాలాసేపు ఉండి, "సాయంత్రానికి చెప్పులు పట్టవు సార్" అంది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి నిలబడి నిలబడి పాదాలు వాచిపోతే, రాత్రి చెప్పులు చేత్తో పట్టుకుని బస్టాండు దాకా నడుస్తోందట. అలాంటి కాళ్లతో నిచ్చెన ఎక్కి పై అర చీర ఎందుకు దించుతుంది?

కస్టమర్ ముందు కూర్చుంటే బాగుండదమ్మా అనబోయాను. ఇరవై లెక్కపెట్టడం అలవాటై బతికిపోయాను. ఆ వారంలోనే కౌంటర్ల వెనక స్టూళ్లు వేయించాను. కోళికోడ్‌లో బట్టల కొట్ల ఆడవాళ్లు దీనికోసమే పోరాడారని, కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో కొట్ల చట్టాన్ని సవరించి కూర్చునే హక్కు రాశారని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఏడు దాటాక కూడా పై అర దిగుతోంది.

నాలుగో మెట్టు, విన్నవాటిలో ఒక్కటైనా వారంలోపు చేయండి. మిగతావి కుదరకపోతే కుదరదని ముఖం మీద చెప్పండి. "చూద్దాంలే" అనొద్దు, ఆ మాటకు అర్థం వాళ్లకు మనకంటే బాగా తెలుసు.

ఐదోది ఇన్సెంటివ్. చీరకింత అని మనిషికి విడివిడిగా పెడితే వచ్చిన ఖాతాదారును గుమ్మంలోనే చెరోపక్కా లాగుతారు. నేను సెక్షన్ మొత్తానికి కలిపి పెడతాను, అదీ ఆషాఢంలో పాత స్టాక్ మీదే. మెచ్చుకోవాలంటే "శభాష్" సరిపోదు, "నిన్న ఆ పెళ్లివారికి మడత నలక్కుండా నలభై చీరలు చూపించావు" అనాలి. మోటివేషన్ స్పీకర్లను పిలిపించేవాళ్లూ ఉన్నారు. ఒకసారి నేనూ వెళ్లాను. అందరినీ లేపి చప్పట్లు కొట్టించాడు. కూర్చున్నది మేము, రోజంతా నిలబడి టీలు అందించింది అతన్ని పిలిపించినవాళ్ల పనివాళ్లు.

ఈ మాటామంతీ రెండు నెలలకోసారి చాలు. శ్రావణంలో, సంక్రాంతి ముందు పెట్టుకోవద్దు. కొత్తగా చేరినవాళ్లతో అయితే ఇరవయ్యో రోజున. నెల దాటితే వాళ్లూ "బాగుంది సార్" నేర్చేసుకుంటారు. పుస్తకం కొట్లో ఉంచకండి, రాత్రి ఇంటికి తెచ్చేసుకోండి. మా తమ్ముడు ఒకసారి గల్లా దగ్గర దొరికితే తెరిచి, తన గురించి రాసిన పేజీ పైకి చదివాడు.