వేడెక్కితే ఆగిపోయి, చల్లారితే స్టార్టయ్యే ఎంజీబీ: తడిగుడ్డ పక్కన పెట్టి స్పార్క్ చూడండి

సమస్య

శనివారం ఉదయం ఎంజీబీ, అంటే ఆ పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు, ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. ఇంగ్లండులోని కాట్స్‌వోల్డ్స్ కొండల ఇరుకు రోడ్లలో గంటసేపు హాయిగా పోతుంది. బోర్టన్-ఆన్-ద-వాటర్‌లో వారాంతపు రద్దీలో పది నిమిషాలు నిలబడ్డాకో, బ్రాడ్‌వే దాటి ఫిష్ హిల్ ఎక్కుతుండగానో ఇంజిన్ తడబడుతుంది. సైలెన్సర్‌లో రెండు మూడు సార్లు ఠప్‌మంటుంది, ఆగిపోతుంది. టెంపరేచర్ ముల్లు మాత్రం మామూలుగానే ఉంటుంది. బానెట్ ఎత్తి, ఫ్లాస్కులో టీ తాగి, ఇరవై నిమిషాలయ్యాక తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్టవుతుంది. అరగంట పోయాక మళ్లీ అదే తంతు.

వెనక కారుల్లోంచి దిగినవాళ్లంతా "వేపర్ లాక్" అంటారు, అంటే వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరై అడ్డుపడిందని. పెట్రోలు పైపు మీద తడిగుడ్డ వేస్తారు. గుడ్డ వేసినా వేయకపోయినా ఇరవై నిమిషాల్లో బండి చల్లారుతుంది కనుక పేరు గుడ్డకొస్తుంది.

ఆగిన రెండు నిమిషాల్లోపు

ఈ జబ్బు వేడిలోనే కనబడుతుంది. టీ తాగాక పరీక్షిస్తే అన్నీ బాగానే ఉంటాయి. అందరూ దాటేసేది సరిగ్గా ఇదే. బండిని పొలం గేటు దగ్గరికి నెట్టి, హెచ్చరిక ట్రయాంగిల్‌ని 45 మీటర్లు వెనక పెట్టి, వెంటనే పనిలోకి దిగండి.

ఇగ్నిషన్ ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా, వెనక ఉన్న ఎస్‌యూ పెట్రోలు పంపు చప్పుడు వినండి. నాలుగైదు టిక్కులు కొట్టి ఆగితే కార్బురేటర్లకు పెట్రోలు అందుతోంది. ఆగకుండా టకటకమంటే ట్యాంకు ఖాళీ, లేదా ఎక్కడో గాలి పీలుస్తోంది. పెట్రోలు గేజ్ మాట నమ్మకండి. అసలు చప్పుడే లేకపోతే పంపులో పాయింట్లు మొరాయించి ఉండొచ్చు, స్పానర్‌తో మెల్లగా తట్టండి. ట్యాంకు మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పోతే వెంట్ మూసుకుపోయింది. ఇవేవీ కాకపోతే పెట్రోలు సంగతి వదిలేయండి.

ఇక స్పార్క్. పెట్రోలు కారడం లేదని ముందు చూసుకోండి. డిస్ట్రిబ్యూటర్ (స్పార్క్‌ను సిలిండర్లకు పంచే భాగం) మూత మధ్యలోంచి కాయిల్ (హై వోల్టేజీ పుట్టించేది) వైరు ఊడదీసి, ఇన్సులేటెడ్ ప్లయర్స్‌తో బ్లాక్‌కు 6 మి.మీ. దూరంలో పట్టుకుని, ఇంకొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. నీలంగా, చిటచిటలాడుతూ దూకాలి. సన్నగా పసుప్పచ్చగా వచ్చినా, మధ్యమధ్యలో తప్పినా ముందుగా డిస్ట్రిబ్యూటర్ లోపలుండే చిన్న డబ్బా, కండెన్సర్‌నే అనుమానించండి.

కండెన్సర్

నిర్ధారించుకోవాలంటే డిస్ట్రిబ్యూటర్ మూత తీయండి. సీబీ (కాంటాక్ట్ బ్రేకర్) పాయింట్లు, అంటే కాయిల్ కరెంటును తెంచి కలిపే స్విచ్చు, మూసుకుని ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేసి, ప్లాస్టిక్ పిడి ఉన్న చిన్న స్క్రూడ్రైవర్‌తో వాటిని విడదీయండి. చిన్న నీలం చుక్క వస్తే పరవాలేదు. పెద్ద పసుపు మెరుపు వస్తే కండెన్సర్ పని మానేసింది. పాయింట్లు తెరుచుకునే క్షణంలో కరెంటును అది మింగాలి. మింగకపోతే ఆ కరెంటు పాయింట్ల మధ్యే మండుతుంది, కాయిల్‌కు బలమైన స్పార్క్ పుట్టించే అవకాశం ఉండదు. పాయింట్లు నల్లబడి ఉండడం కూడా ఇదే చెబుతుంది.

లోపల ఉండేది చుట్టిన రేకు. నాసిరకం వాటిలో వైరు ఆ చుట్టకు సరిగా అతకదు. ఇంజిన్ వేడి డిస్ట్రిబ్యూటర్‌లోకి పాకేసరికి రేకు వ్యాకోచించి వైరు విడిపోతుంది, చల్లారితే మళ్లీ తగులుతుంది. ట్రాఫిక్‌లో నిలబడ్డప్పుడే ఇలా జరగడానికి కారణం అదే, గాలి తగలదు. "పోయిన నెలే కొత్తది వేశాం కదా" అనేవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు. కొత్తదైనంత మాత్రాన మంచిదని కాదు. మల్టీమీటర్‌లో 0.18 నుంచి 0.25 మైక్రోఫారడ్ చూపినా చల్లగా ఉన్నప్పటి అంకెకు విలువ లేదు. ఇంట్లో అయితే హెయిర్ డ్రయ్యర్‌తో ఐదు నిమిషాలు వేడి చేస్తూ కొలవండి. అంకె ఉన్నట్టుండి పడిపోతే చెత్తబుట్టలో వేయండి.

పాత అంబాసిడర్ పెట్రోలు బండి చేతిలో నలిగినవాళ్లకు ఇదేమీ కొత్త కాదు. దాని 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీ 1798 సీసీ ఇంజిన్ రెండూ ఒకే బి-సిరీస్ కుటుంబం.

రోడ్డు మీద పరిష్కారం: స్పేర్ కండెన్సర్ డబ్బాను కాయిల్ బ్రాకెట్ స్క్రూ కింద శుభ్రమైన ఇనుముకు బిగించండి. దాని వైరును, డిస్ట్రిబ్యూటర్‌కు పోయే సన్న వైరు కాయిల్‌పై ఏ టెర్మినల్‌కు ఉందో దానికే కలపండి. ప్లస్, మైనస్ గుర్తులు చూసి నిర్ణయించకండి, 1967కు ముందరి బళ్లు పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ బాడీకి కలిపి ఉంటుంది. పాతది లోపల షార్ట్ అయి ఉంటే కొత్తది పెట్టినా లాభం ఉండదు, అందుకే దాని వైరు ఊడదీసేయండి. కొత్తదాన్ని అక్కడే ఉంచేసుకోవచ్చు. వేడికి దూరంగా ఉంటుంది, ఎక్కువ కాలం బతుకుతుంది.

సాయంత్రం లూకస్ 25డీ4 డిస్ట్రిబ్యూటర్ లోపలే మార్చాలనుకుంటే పాయింట్ల స్తంభం దగ్గర జాగ్రత్త. పాయింట్ స్ప్రింగు, రెండు వైర్ల కొసలు ఒకదాన్నొకటి తాకాలి గానీ ఆ స్తంభాన్ని గానీ నట్టును గానీ తాకకూడదు. వాటి మధ్యలోంచి టోపీ ఆకారపు ప్లాస్టిక్ బుష్ దూరాలి, ఆ పైన నట్టు. బుష్ తలకిందులైతే స్పార్క్ అసలే రాదు, రాత్రంతా కాయిల్‌ను తిట్టుకుంటారు. పాయింట్ల గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ.

మిగతావి

కండెన్సర్ మార్చినా తగ్గకపోతే రోటర్ ఆర్మ్, అంటే డిస్ట్రిబ్యూటర్ మూత కింద తిరిగే చిన్న చేయి. మూత తీసి, రోటర్ మధ్యనున్న ఇత్తడికి 3 మి.మీ. పైన కాయిల్ వైరు పట్టుకుని పాయింట్లను ఆడించండి. స్పార్క్ రోటర్‌లోకి బలంగా దూకితే అది లోపలి షాఫ్ట్‌కు లీకవుతోంది. రివెట్ లేని ఎర్ర రకం కొనండి.

2021 సెప్టెంబరు నుంచి బ్రిటన్‌లో మామూలు పెట్రోలు ఈ10, అంటే పది శాతం దాకా ఇథనాల్ కలిసింది. పాత రబ్బరు పైపులు దానికి లోపల్నుంచి మెత్తబడతాయి. ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 రకం పైపు వేసి, ఈ5 సూపర్ పోయించండి. కాయిల్ వేడికి చావడం, మూత పగుళ్లు, బేస్‌ప్లేట్ ఎర్త్ వైరు తెగడం అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

స్పేర్ కండెన్సర్‌ను కవరు విప్పకుండా టూల్ కిట్‌లో పడేయకండి. ముందు దాన్ని బండికి వేసి వంద మైళ్లు నడపండి. అది బాగా పనిచేస్తే అప్పుడు విప్పి, 30 సెం.మీ. క్లిప్పు వైరుతో కలిపి పెట్టుకోండి.