కరివేపాకు చెట్టు మీద పురుగు డిఫెన్స్ పిల్లలకి ఎలా చూపించాలి

స్కూల్‌లో జంతువుల ఆత్మరక్షణ అంటే ముళ్ళపంది, తాబేలు అని చెప్పేసి వదిలేస్తారు గానీ ఇంట్లో కరివేపాకో నిమ్మ చెట్టో ఉంటే అక్కడే చూపించొచ్చు.

ముందు లేత ఆకుల పైభాగం చూడండి, పిట్ట రెట్టలా నలుపు తెలుపు మచ్చతో చిన్నది ఏదో అతుక్కుని ఉంటుంది, నిజంగా రెట్టే అనుకుని వదిలేస్తాం, పిట్టలు కూడా అలాగే వదిలేస్తాయి, అది సీతాకోకచిలుక గొంగళిపురుగు. పెద్దదయ్యాక ఆ వేషం పనిచేయదు కదా, అందుకే ఆకుపచ్చకి మారిపోతుంది, తల వెనక కళ్ళలాంటి మచ్చలు కూడా వస్తాయి.

ఇప్పుడు అసలు మజా. మెత్తటి గడ్డిపోచతో తల వెనక మెల్లగా తాకండి, లోపల్నుంచి నారింజ ఎరుపు రంగులో రెండు కొమ్ముల్లాంటిది బయటికొస్తుంది, దాంతోపాటు ఒక ఘాటు వాసన. చీమలు, సాలీళ్ళు దగ్గరికి రాకుండా ఆ కెమికలే అడ్డం. కాసేపటికి కొమ్ములు మళ్ళీ లోపలికి పోతాయి.

ఒక్కసారి చాలు, మళ్ళీ మళ్ళీ గెలకొద్దు. స్ప్రే కొట్టిన చెట్టయితే అసలు వెతకడమే వేస్ట్. ఒంటినిండా వెంట్రుకలున్న గొంగళిని మాత్రం పిల్లల్ని ముట్టుకోనివ్వకండి, దురద రావచ్చు.