310 ట్రే, పి91 పైపు: ఏది చల్లగా వెల్డింగ్ కొట్టాలి, ఏది వేడిగా కొట్టాలి

గాజులమండ్యంలో మా షెడ్డుకి ఒక ఫర్నేస్ ట్రే రిపేరుకి వచ్చింది, ఎస్ఎస్ 310, అంటే బాగా వేడిని తట్టుకునే స్టెయిన్‌లెస్ స్టీలు. "అన్నా, భోజనాల లోపల లేపేస్తా" అని మావాడు రన్ (ఒక వరస వెల్డింగ్) మీద రన్ ఆపకుండా లాగించేశాడు. పైన పేరుకున్న స్లాగ్ దులిపితే బీడ్, అంటే వెల్డ్ గీత, తళతళలాడుతోంది. తీరా డీపీ టెస్ట్ (ఎర్ర ద్రవం పూసి పగుళ్ళు చూసే పరీక్ష) చేస్తే ప్రతి క్రేటర్‌లోనూ, అంటే రన్ చివర మిగిలే గుంటలో, నక్షత్రంలా ఎర్రటి గీతలు!

మామూలు 308 రాడ్ బీడ్‌లో కాస్త ఫెర్రైట్ (ఉక్కులో ఒక రకం స్ఫటిక నిర్మాణం) ఉంటుంది, గంధకం, భాస్వరం లాంటి మలినాలను అది కొంత ఇముడ్చుకుంటుంది. 310లో అంతా ఆస్టెనైటే (ఇంకో రకం నిర్మాణం) కాబట్టి ఆ మలినాలన్నీ చివర్లో గడ్డకట్టే ద్రవంలో చేరి గ్రెయిన్ల (లోహపు రేణువుల) మధ్య పల్చటి పొరలా నిలుస్తాయి, బీడ్ ముడుచుకునేటప్పుడు చీలేది అక్కడే. అందుకే వీవింగ్ (రాడ్ అటూ ఇటూ ఊపడం) వద్దు, ప్రీహీట్ (ముందే జాబ్‌ని వేడి చేయడం) వద్దు. సన్నటి తిన్నని రన్‌లు వేయండి, ప్రతి రన్ తర్వాత జాబ్ 150 డిగ్రీల లోపలికి దిగిందో లేదో టెంపరేచర్ చాక్‌తో చూడండి. రన్ చివర రాడ్ టక్కున లేపకుండా కొంచెం వెనక్కి తెచ్చి, గుంట నింపి అప్పుడు లేపండి.

రన్‌లోకి ఎంత వేడి పోతోందో లెక్క కష్టమేం కాదు. వోల్టులు × ఆంపియర్లు × 60, దాన్ని నిమిషానికి నడిచిన మిల్లీమీటర్లు × 1000తో భాగించాలి. 24 వోల్టులు, 100 ఆంప్స్, 150 మి.మీ. అయితే మిల్లీమీటరుకి 0.96 కిలోజౌల్స్. చెయ్యి సగం వేగానికి పడితే 1.92. మెషిన్ నాబ్ ముట్టుకోకుండానే రెట్టింపు!

బాయిలర్ల పి91 (క్రోమియం కలిసిన ఉక్కు) పైపుకి ఇదంతా తలకిందులు. అది మామూలు గాలికి చల్లారినా మార్టెన్‌సైట్ అనే గట్టి నిర్మాణంగా మారుతుంది, దానికి చెమ్మ రాడ్డులోని హైడ్రోజన్ తోడైతే పగుళ్ళే. రోహిణి కార్తె ఎండని నమ్ముకోకండి, 200 డిగ్రీల పైన ప్రీహీట్ ఇవ్వాల్సిందే. కార్తీక మాసం వానల్లో అయితే రాడ్లు ఓవెన్‌లో కాల్చకుండా హోల్డర్‌కి పెట్టొద్దు.

వెల్డింగ్ అయ్యాక తొందరపడి నేరుగా ఫర్నేస్‌లోకి తోసేయకండి. ముందు 100 డిగ్రీల దాకా నిదానంగా దిగనివ్వండి, లేకపోతే మారకుండా మిగిలిన ఆస్టెనైట్ ఫర్నేస్ నుంచి తీశాక పెళుసు మార్టెన్‌సైట్‌గా మారి కూర్చుంటుంది. ఆ తర్వాతే 760 డిగ్రీల దగ్గర టెంపరింగ్, అంటే పెళుసుదనం తగ్గించే వేడి.

ఆ ఊపులో 310 ట్రేని కూడా పైపు పక్కనే పెట్టేరు సుమా. ఆ వేడిలో ఎక్కువసేపు నానితే దాంట్లో సిగ్మా అనే పెళుసు ఫేజ్ (నిర్మాణం) పుడుతుంది.