పోయినవారిని నవలలోకి తెచ్చుకోవడం ఎలా

మా బాపు (నాన్న) పోయిన మూడేళ్లకు ఆయన మీద నవల రాయడానికి కూర్చున్నాను. ఆసుపత్రి మంచం దగ్గర మొదలుపెట్టాను. నలభై పేజీలయ్యాక చదువుకుంటే అందులో బాపు లేడు, నా ఏడుపు ఉంది. మీరు రాయబోతున్నట్లయితే చావుతో మొదలుపెట్టకండి. ఆ మనిషి చేతులు ఏ పని చేసేవో అక్కడ మొదలుపెట్టండి.

మా బాపు వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. 2018లో వాటికి భౌగోళిక గుర్తింపు వచ్చేనాటికి ఆయన మగ్గం వదిలి చాలా కాలమైంది. "బాపు ఎలాంటివాడు?" అని అమ్మను అడిగితే "దేవుడిలాంటి మనిషి" అంది. ఆ మాటతో ఒక్క పేజీ కూడా నడవదు. అందుకే ప్రశ్న మానేసి పాత జంపఖానా తెచ్చి ఆమె ముందు పరిచాను. అంచు తడిమి, "ఇక్కడ పేక వదులైంది చూడు, నువ్వు పుట్టిన రాత్రి నేసింది" అంది. నా మొదటి అధ్యాయం అదే. ఇంట్లో మిగిలిన వస్తువు ఏదైనా సరే, పెద్దల చేతికివ్వండి. మీరు మాట్లాడకండి.

పెత్రమాస (భాద్రపద అమావాస్య) రోజును వదులుకోవద్దు. పొద్దున పోయిన పెద్దల పేరిట బియ్యం ఇచ్చేటప్పుడు అయ్యగారు మూడు తరాల పేర్లు అడుగుతారు. నోటుపుస్తకంతో పక్కనే కూర్చోండి. మా ముత్తాత పేరు నేను విన్నది అప్పుడే. పెళ్లి కాకుండానే పోయిన మా మేనత్త పేరు మాత్రం ఆ వరుసలో ఎవరూ చెప్పలేదు. అదే సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ పేరుస్తూ అమ్మ ఆమెను తలుచుకుంది. తంగేడు, గునుగు వరుసలు జారకుండా పేర్చడం ఆ ఆడబిడ్డే నేర్పిందట. పేర్లు పొద్దున దొరికితే మనుషులు సాయంత్రం దొరికారు.

మన పెద్దలు సంవత్సరాలు చెప్పరు. "సమ్మక్క జాతర అయిన మూడో నెలలో వేరుపడ్డాం" అంటారు. మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో జరుగుతుంది. 2022, 2024 లాగా సరి సంవత్సరాల్లో వస్తుంది కాబట్టి వెతకాల్సిన ఏళ్లు సగానికి తగ్గుతాయి. మూడో నెలంటే నడి ఎండాకాలం. అది తెలిశాక ఆ రాత్రి ఆరుబయట వేసిన మంచాలు, నిద్రపట్టక లేచి కూర్చున్న నాయనమ్మ కథలోకి వాటంతట అవే వచ్చాయి.

బాపూ ఆయన అన్నా ఎందుకు వేరుపడ్డారో మాత్రం తేలలేదు. మగ్గం పంపకంలో తగువని అమ్మ అంటుంది. తగువే లేదు, ఇల్లు ఇరుకైందని పెద్దమ్మ అంటుంది. ఎవరిది నిజమో తేల్చే పని పెట్టుకోవద్దు. ఇద్దరికీ చెరొక అధ్యాయం ఇచ్చి వాళ్ల నోటితోనే చెప్పించాను. అన్నదమ్ములు ఎంత దగ్గరివాళ్లో ఆ రెండు మాటల మధ్యే కనిపించింది.

అచ్చుకు ఇచ్చేముందు మొత్తం పైకి చదివి ఇంట్లోవాళ్లకు వినిపించండి. వాళ్లు వద్దన్నది తీసేయండి, నవల కన్నా వాళ్లే ముఖ్యం. నేను పదకొండు రాత్రులు చదివాను. ఆసుపత్రి అధ్యాయం దగ్గర అమ్మ ఆపమంది. "చివరి రోజు బాపు చాయ్ అడిగాడు. డాక్టరు వద్దన్నారని ఇవ్వలేదు" అంది. అప్పటిదాకా ఆ మాట నాకు చెప్పలేదు. ఆ అధ్యాయంలో అదొక్కటే ఉంచి, మిగతాదంతా కొట్టేశాను.