కెనాల్ దు మిది గట్టు మీద ఆగని పంక్చర్లు: సమస్య - పరిష్కారం

దక్షిణ ఫ్రాన్సులో తులూజ్ నుంచి మధ్యధరా తీరం వైపు సాగే కెనాల్ దు మిది కాలువ పొడవు దాదాపు 240 కిలోమీటర్లు. గట్టు మీది సైకిలు దారి తులూజ్ వైపున తొలి 50 కిలోమీటర్ల దాకా తారు బాట కాబట్టి, అక్కడ పంక్చర్ అయితే అది మామూలు పంక్చరే. కాలువకు శిఖరమైన నొరూజ్ మిట్ట (189 మీటర్లు) దాటి ఓడ్ జిల్లాలోకి దిగాక గట్టు తీరు మారిపోతుంది. ఇటీవల బాగుచేసిన భాగాలను మినహాయిస్తే మట్టి, గులకరాళ్లు, గట్టు వెంబడి నాటిన ప్లేన్ చెట్ల వేళ్లు ఎదురవుతాయి. వెనక క్యారియర్‌కు సంచులు తగిలించుకుని వచ్చినవారికి కాస్తెల్‌నోదరి, కార్కసోన్ ఊళ్ల మధ్య ఒకే చక్రంలో రెండోసారి, మూడోసారి గాలి పోవడం ఈ దారిలో తరచుగా కనిపించే సమస్య. ట్యూబు మార్చడం, ప్యాచ్ వేయడం ఇప్పటికే తెలిసినవారి కోసం ఇది రాస్తున్నాను. ట్యూబ్‌లెస్ టైర్లు వాడేవారికి ఇందులో చాలా భాగం వర్తించదు.

ముందుగా చేయవలసిన పరీక్ష

చిల్లు దొరికిన వెంటనే సొల్యూషన్ రాయడానికి తొందరపడవద్దు. ఆ చిల్లు ట్యూబుకు ఏ వైపున ఉందో చూడండి. టైరు వైపున ఉందా, రిమ్ము వైపున ఉందా, పక్కన ఉందా, వాల్వు మొదట్లో ఉందా అన్నదే కారణాన్ని సగానికి పైగా చెబుతుంది. అర నిమిషం పట్టే ఈ పనిని వదిలేసి, ట్యూబును లాగి పారేసి, కొత్తది వేసి, పది కిలోమీటర్ల తర్వాత మళ్లీ దిగి, ఫ్రాన్సులో ముళ్లు ఎక్కువని చెప్పేవారిని చూసి చూసి విసుగొచ్చింది.

ఇది సులువుగా జరగాలంటే టైరు మీది కంపెనీ పేరు ఎప్పుడూ వాల్వు పక్కనే ఉండేట్లు టైరును ఎక్కించుకోవాలి. గాలి పోయినప్పుడు టైరును ఒక పక్కనే విప్పి, ట్యూబును బయటికి తీసే ముందు దాని కుడి పక్కన పెన్నుతో ఒక గీత పెట్టండి. తర్వాత గాలి కొట్టి చిల్లు కనిపెట్టి, వాల్వును దాని రంధ్రానికి ఎదురుగా ఉంచి ట్యూబును చక్రం మీద పరిస్తే, చిల్లుకు ఎదురుగా టైరులో ఏముందో, రిమ్ములో ఏముందో తేలిపోతుంది. బుస వినిపించకపోతే నీళ్లలో ముంచి చూడవచ్చు; ఈ దారిలో నీళ్లకు కొదవ లేదు.

టైరు వైపున ఒకే చిల్లు

ఇది ముల్లు లేదా గాజు పెంకు. బెజియే పట్టణం దాటి తీరం దగ్గరికి వచ్చాక ఇసుక నేలల్లో మన పల్లేరు కాయే కనిపిస్తుంది. ఆ మొక్క మధ్యధరా తీరానికీ స్వంతమే. మిగతా దారిలో కంచెలు కత్తిరించిన కాలంలో రాలిన ముళ్ల కొమ్మలు ఎక్కువ. ముల్లు బయటి వైపు విరిగిపోయి, కొస మాత్రం రబ్బరులో ఉండిపోతుంది కాబట్టి, పైనుంచి చూసి ఏమీ లేదనుకోవద్దు. టైరు లోపలంతా ఒక పాత గుడ్డతో తుడవండి. వేలికి తగలని కొస కూడా గుడ్డ పోగును పట్టుకుంటుంది. కొసను తీశాకే ట్యూబు ఎక్కించాలి.

పక్కపక్కన రెండు చీలికలు

టైరు వేరుకు గుద్దుకున్నప్పుడు, వేరుకూ రిమ్ము అంచులకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల తెగుతుంది. 19వ శతాబ్దంలో నాటిన ఈ ప్లేన్ చెట్ల వేళ్లు గట్టుకు అడ్డంగా లేచి ఉంటాయి. నీడలో అవి కనబడవు. సామానంతా వెనకే ఉంటే వెనక చక్రానికే దెబ్బ తగులుతుంది. కారణం టైరులో గాలి తక్కువ కావడం, లేదా వేగం ఎక్కువ కావడం, చాలాసార్లు రెండూ. 37 మి.మీ. టైరుతో, సుమారు 70 కిలోల మనిషి, వెనక 15 కిలోల సామాను ఉంటే వెనక గాలి ఒత్తిడి 60 పీఎస్‌ఐ, అంటే 4 బార్‌కు కొంచెం పైన, ముందు 50 పీఎస్‌ఐ ఉంటే చాలు. వేళ్ల దగ్గర సీటు మీద నుంచి లేచి, మోకాళ్లు వంచి నిదానంగా దాటాలి. బరువు సంచుల్లో ఒకటి రెండింటిని ముందుకు మార్చగలిగితే ఇంకా మంచిది.

ఈ సూచన పాటించేటప్పుడే చాలామంది తర్వాతి సమస్యను కొని తెచ్చుకుంటారు.

రిమ్ము వైపున చిల్లు

లక్షణాలు ఇలా ఉంటాయి. టైరులో ముల్లు దొరకదు. చిల్లు ట్యూబు లోపలి వలయం మీద, అంటే స్పోకుల వైపు ఉంటుంది. చాలాసార్లు నడుస్తుండగా కాక, లాకు దగ్గర ఎండలో సైకిలు ఆపి భోజనానికి కూర్చున్నప్పుడో, గుడారం పక్కన రాత్రి నిలిపి ఉంచినప్పుడో గాలి పోతుంది. వేసిన ప్యాచ్ మరుసటి రోజుకే అంచున లేస్తుంది. కొత్త ట్యూబు వేసినా రెండు మూడు రోజుల్లో కథ మళ్లీ మొదటికి వస్తుంది, కానీ ఈసారి చిల్లు వేరే చోట ఉంటుంది. చోటు మారుతోంది కాబట్టి చక్రంలో లోపం కాదు, దారిలో ముళ్లే అని సైకిలు యజమాని తేల్చుకుంటాడు. నన్ను ఎక్కువ తిప్పలు పెట్టినది, తిరిగి తిరిగి చూస్తున్నదీ ఈ సమస్యే.

కారణం రిమ్ టేపు. రెండు గోడల రిమ్ములో స్పోకుల నిపుల్స్ (స్పోకు కొసను పట్టి ఉంచే చిన్న నట్లు) బిగించడానికి లోపలి అరలో పెద్ద రంధ్రాలు ఉంటాయి. వాటిని కప్పి ట్యూబును కాపాడే పట్టీయే రిమ్ టేపు. ఫ్యాక్టరీ నుంచి వచ్చే చక్రాల్లో తరచుగా ఇది సన్నని రబ్బరు పట్టీ లేదా పలుచని ప్లాస్టిక్ పట్టీ. తక్కువ గాలిలో అది ఏళ్ల తరబడి ఏ ఇబ్బందీ పెట్టదు. టైరును దాని గోడ మీద ముద్రించిన గరిష్ఠం దాకా నింపి, ఎండలో వేడెక్కనిస్తే మాత్రం, మెత్తబడిన పట్టీ ప్రతి రంధ్రంలోకీ గుంటలాగా దిగుతుంది, లేదా పక్కకు జరిగి రంధ్రం అంచు నెలవంకలాగా బయటపడుతుంది. ట్యూబు ఆ గుంటలోకి ఉబ్బి, లోహపు అంచు మీద రాసుకుని, చివరికి తెగుతుంది.

ఇప్పుడు ఈ దారిలో జరిగే వరుసను చూడండి. బోర్దో వైపు నుంచి 193 కిలోమీటర్ల గారొన్ కాలువ పక్కన తారు బాట మీద వచ్చిన మనిషికి ఏ సమస్యా లేదు. ఓడ్ జిల్లాలో వేరు తగిలి ట్యూబు నలుగుతుంది. గాలి తక్కువైందని సరిగ్గానే గుర్తించి, ఇంక జన్మలో నలగకూడదని 85 పీఎస్‌ఐ దాకా కొడతాడు. ప్లేన్ చెట్లకు సోకిన శిలీంధ్ర రోగం 2006లో ఈ కాలువ మీద బయటపడినప్పటి నుంచి వేల చెట్లను నరికివేయడం వల్ల త్రెబ్ ఊరి పరిసరాల్లోనూ, మరికొన్ని చోట్లా ఒకప్పటి నీడ లేదు. 20 డిగ్రీల ఉదయాన 85 పీఎస్‌ఐ నింపిన టైరు మధ్యాహ్నం 50 డిగ్రీలకు చేరితే లోపలి ఒత్తిడి ఇంకో 10 పీఎస్‌ఐ పెరుగుతుంది. అదే వేడికి పట్టీ కూడా మెత్తబడుతుంది. మొదటి పంక్చర్‌కు చేసిన వైద్యమే రెండో పంక్చర్‌కు కారణమవుతుంది. రెండోదాన్ని ముల్లనుకుని ఇంకా గట్టిగా గాలి కొడితే మూడోది ఇంకా త్వరగా వస్తుంది.

నిర్ధారణకు తీసిన ట్యూబునే చూడాలి. లోపలి వలయం మీద సమాన దూరాల్లో గుండ్రని బొడిపెలు వరుసగా కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు. చిల్లు ఆ బొడిపెల్లో ఒకదాని మీదనో, దాని అంచుననో ఉంటుంది. తర్వాత చక్రమంతా తిప్పుతూ ప్రతి రంధ్రం మీదా పట్టీని బొటనవేలితో నొక్కండి. పట్టీ బిగువుగా ఉండాలి. వేలు లోపలికి దిగినా, ఒక్క చోట రంధ్రం అంచు కనిపించినా పట్టీ పని అయిపోయినట్లే. ఒక్క రంధ్రం దగ్గర సర్ది ఊరుకుంటే లాభం లేదు, పక్క రంధ్రం దగ్గర రేపు తెగుతుంది.

శాశ్వత పరిష్కారం బట్టతో నేసిన, వెనక జిగురున్న రిమ్ టేపు. ఫ్రెంచి కంపెనీ వెలాక్స్ తయారుచేసే ఈ రకం టేపు అక్కడి సైకిలు దుకాణాల్లో సాధారణంగా దొరుకుతుంది; ఫాం ద జాంత్ అని అడగాలి. కొనే ముందు రిమ్ము లోపలి వెడల్పు కొలవండి. టేపు రంధ్రాలను రెండు పక్కలా పూర్తిగా కప్పాలి గానీ, టైరు అంచు కూర్చునే చోటికి ఎక్కకూడదు. పాత పట్టీ తీసి, రిమ్మును పొడిగా తుడిచి, వాల్వు రంధ్రం దగ్గర మొదలుపెట్టి గట్టిగా లాగుతూ అంటించండి. రెండు చక్రాలకూ ఒకేసారి మార్చడం మేలు, ఎందుకంటే ముందు చక్రానికీ అదే వయసు పట్టీ ఉంటుంది. అక్కడ చాలా దుకాణాలు ఆదివారం, సోమవారం తెరవవు. మిగతా రోజుల్లో కూడా మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా మూసివుంటాయి. అందుకని ఒక టేపు చుట్ట ఇంటి నుంచే తెచ్చుకుంటే పోయేదేమీ లేదు.

గట్టు మీద, టేపు లేనప్పుడు, పాత పట్టీని మధ్యకు సర్ది, దాని మీద కరెంటు పనికి వాడే ఇన్సులేషన్ టేపు రెండు పొరలు చుట్టి, గాలి 50 పీఎస్‌ఐ దగ్గర ఆపి, తర్వాతి పట్టణం దాకా నెమ్మదిగా వెళ్లవచ్చు. ఎండలో ఆ జిగురు కరిగి టేపు జారుతుంది కాబట్టి దీన్ని వారాల తరబడి నమ్ముకోవద్దు. బొడిపెలు తేలిన ట్యూబుకు ప్యాచ్ వేసి దాచుకోవడం కూడా అనవసరం. బొడిపె దగ్గర రబ్బరు పలుచబడి ఉంటుంది, ప్యాచ్ పక్కనే మళ్లీ తెగుతుంది.

గాలి ఎంతుందో కొలవకుండా బొటనవేలితో నొక్కి చెప్పే అలవాటు మానుకోండి. గోడ దళసరిగా ఉండే టూరింగ్ టైర్ల మీద 40కీ 60కీ తేడా వేలికి తెలియదు. చేతి పంపుకు గేజి లేకపోతే చిన్న గేజి ఒకటి విడిగా పెట్టుకోండి. అక్కడి గేజీల మీద అంకెలు బార్‌లలో ఉంటాయి. ఒక బార్ అంటే 14.5 పీఎస్‌ఐ.

వాల్వు మొదట్లో చీలిక

మోటారు సైకిలు తరహా లావు వాల్వు కోసం తొలిచిన రిమ్ములో సన్నని ప్రెస్టా వాల్వు ట్యూబు వేస్తే, ఖాళీ అంచు మీద రాసుకుని వాల్వు మొదలు తెగుతుంది. రిమ్ముకు తగిన ట్యూబు వేయండి. ప్రెస్టా తప్ప దొరకకపోతే ఆ ఖాళీని నింపే చిన్న రబ్బరు బిళ్ల దుకాణంలో అడగండి. పంపు కొట్టేటప్పుడు వాల్వును పక్కకు వంచడం వల్ల కూడా ఇదే జరుగుతుంది.

మిగిలినవి

టైరు పక్క గోడ తెగి ట్యూబు బయటికి ఉబ్బితే, ఖాళీ టూత్‌పేస్ట్ ట్యూబు ముక్కను లోపల అడ్డం పెట్టి, దుకాణం చేరగానే టైరు మార్చండి. ఒకే గోడ రిమ్ములో స్పోకు కొస పైకి పొడుచుకు వస్తే ఆకురాయితో అరగదీయాలి. బ్రేకు రబ్బరు టైరును రాయడం, ట్యూబు అతుకు ఊడడం, వాల్వు లోపలి పిన్ను వదులవడం అరుదుగా జరుగుతాయి. పైవన్నీ చూశాకే వీటి సంగతి చూడండి.